పొగ నిషేధంపై ఒకే బ్యాలెట్టులో రెండు ప్రతిపాదనలు వస్తే దేనికి ఓటు వేయాలి?

2006 నవంబరు 7న ఒహాయో రాష్ట్రంలో పోలింగు కేంద్రానికి వెళ్లిన ఓటరుకు పొగతాగడం గురించి ఒకటి కాదు, రెండు ప్రశ్నలు ఎదురయ్యాయి. ఒకటి ఇష్యూ 4, రెండవది ఇష్యూ 5. బహిరంగ ప్రదేశాలలో పొగతాగడాన్ని అదుపు చేస్తామనే రెండూ చెప్పాయి. వాటిని నడిపిన ప్రచార సంఘాల పేర్లు కూడా కవల పిల్లల పేర్లలా ఉండేవి: మొదటిది 'స్మోక్ లెస్ ఒహాయో', రెండవది 'స్మోక్‌ఫ్రీ ఒహాయో'. మొదటి సంఘానికి ప్రధానంగా డబ్బు సమకూర్చినది క్యామెల్ సిగరెట్లు తయారుచేసే ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ కాగా, రెండవ సంఘం వెనుక నిలిచినవి అమెరికన్ క్యాన్సర్ సొసైటీ, ఇతర ఆరోగ్య సంస్థలు.

అదే రోజున ఆరిజోనాలో ప్రాపొజిషన్ 201, 206 అనే జంట, నెవాడాలో క్వశ్చన్ 4, 5 అనే జంట ఓటర్ల ముందుకు వచ్చాయి. మూడు రాష్ట్రాలలోనూ ఒక ప్రతిపాదన గట్టి నిషేధం, మరొకటి నిషేధం వల్ల నష్టపోతామనుకున్న వ్యాపారాల అండతో వచ్చిన మెత్తని నిషేధం. ఇటువంటి జంటలు ఇకముందు కూడా రావచ్చు. పొగ విషయంలో కాకపోతే ఈ-సిగరెట్ల విషయంలోనో, గంజాయి పొగ విషయంలోనో రావచ్చు. అందువల్ల ఈ మూడు రాష్ట్రాల అనుభవాన్ని, దానికి తోడు ఫ్లోరిడా, కాలిఫోర్నియా, వాషింగ్టన్, సౌత్ డకోటాల అనుభవాన్ని దగ్గర పెట్టుకుని, రెండు ప్రతిపాదనల మధ్య ఎలా ఎంచుకోవాలో చెప్పడానికే ఈ వ్యాసం.

అమెరికా పౌరసత్వం తీసుకుని కొత్తగా ఓటు హక్కు పొందిన తెలుగువారికి ఈ పద్ధతి కొంత విచిత్రంగా తోచవచ్చు. మన దేశంలో చట్టం చేసేది పార్లమెంటు లేదా శాసనసభ. ఓటరు అభ్యర్థిని ఎంచుకుంటాడే తప్ప చట్టంలోని వాక్యాల మీద నేరుగా ఓటు వేయడు. బహిరంగ ప్రదేశాలలో పొగతాగడాన్ని నిషేధించిన 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం, అంటే కోట్పా, పార్లమెంటు చేసినదే. అమెరికాలోని అనేక రాష్ట్రాలలో మాత్రం నిర్ణీత సంఖ్యలో పౌరులు సంతకాలు చేస్తే చట్టం ముసాయిదా బ్యాలెట్టుకు ఎక్కుతుంది. అక్కడ ముసాయిదా చదివి తీర్పు చెప్పే బాధ్యత ఓటరుదే. శీర్షిక చూసి ఓటు వేసేవారిని దృష్టిలో పెట్టుకుని ముసాయిదాలు రాసేవారు ఉంటారు కనుక, శీర్షికను చివర చూడటం మంచిది.

రాజ్యాంగంలోకి వెళ్తుందా, చట్టాలలోకి వెళ్తుందా

ఒహాయోలో ఇష్యూ 4 రాష్ట్ర రాజ్యాంగానికి సవరణ. ఇష్యూ 5 సాధారణ చట్టం. బ్యాలెట్టు మీద పక్కపక్కనే ఉన్నప్పుడు ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కాని, అసలు చిక్కు అంతా ఇక్కడే ఉంది. రెండూ గెలిచి ఉంటే, ఇష్యూ 5కు ఎన్ని ఎక్కువ ఓట్లు వచ్చినా, రెండింటికీ పొసగని చోటల్లా రాజ్యాంగ సవరణే నిలిచేది, ఎందుకంటే రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం చెల్లదు. అంటే "పొగ తగ్గితే చాలు, ఏదైనా మంచిదే" అనుకుని రెండింటికీ 'అవును' అని గుర్తు పెట్టిన మంచి మనసు గల ఓటరు, తనకు తెలియకుండానే గట్టి నిషేధాన్ని ఓడించడానికి సాయపడినట్లయ్యేది. ఆరోగ్య సంస్థలు తమ ప్రచారంలో 5కు 'అవును' అని చెప్పడంతో సరిపెట్టుకోకుండా 4కు 'కాదు' అని కూడా పదే పదే చెప్పవలసి వచ్చింది ఇందుకే.

ఆరిజోనాలో పరిస్థితి వేరు. అక్కడ 201, 206 రెండూ చట్టాలే. పరస్పర విరుద్ధమైన రెండు ప్రతిపాదనలు ఒకే ఎన్నికలో నెగ్గితే, విరుద్ధంగా ఉన్న అంశాల మేరకు ఎక్కువ ఓట్లు వచ్చినదే చెల్లుతుందని ఆ రాష్ట్ర రాజ్యాంగం చెబుతుంది. అటువంటి చోట రెండింటికీ 'అవును' అనడం అంత ప్రమాదకరం కాదు. కాని మెత్తనిదానికి మనం వేసిన ప్రతి ఓటూ గట్టిదానితో పోటీపడే ఓటే అవుతుంది. కాబట్టి మీ రాష్ట్రంలో రెండూ నెగ్గితే ఏమవుతుందన్నది అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన సంగతి. ఆరిజోనా, కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు ఎన్నికలకు ముందు ఇంటింటికీ పంపే ఓటర్ల పుస్తకంలో ప్రతిపాదనల పూర్తి పాఠం, ఇరుపక్షాల వాదనలు ముద్రిస్తాయి. చాలామంది దానిని తపాలా చెత్తతో పాటు పారేస్తారు గాని, ఆ పుస్తకం ముందు పెట్టుకుని గంటసేపు కూర్చోవడం తప్పక పనికొస్తుంది.

అయితే రాజ్యాంగ సవరణ అనగానే పొగాకు కంపెనీ పన్నాగమని, చట్టం అనగానే మంచిదని తీర్మానించుకోవడం కూడా పొరపాటే. 2002లో ఫ్లోరిడా ఓటర్లు దాదాపు 71 శాతం మెజారిటీతో ఆమోదించిన పని ప్రదేశాల పొగ నిషేధం రాజ్యాంగ సవరణ రూపంలోనే వచ్చింది. దానికి కారణం సులభమైనది: ఫ్లోరిడాలో పౌరులు సంతకాలు సేకరించి సాధారణ చట్టాన్ని బ్యాలెట్టుకు తెచ్చే వీలే లేదు, రాజ్యాంగ సవరణ ఒక్కటే దారి. ఒహాయోలో రెండు దారులూ తెరిచి ఉన్నాయి. అక్కడ చట్టాన్ని ప్రతిపాదించాలంటే ముందు కొన్ని సంతకాలతో శాసనసభ ముందుంచి, నాలుగు నెలల్లో శాసనసభ ఆమోదించకపోతే మళ్లీ సంతకాలు సేకరించాలి. రాజ్యాంగ సవరణకు మొత్తం మీద అంతకంటే ఎక్కువ సంతకాలు కావాలి, కాని శాసనసభ గడప తొక్కనక్కర లేదు. రెండు దారులున్న చోట, బార్లలోనూ బౌలింగు కేంద్రాలలోనూ ఎవరు పొగతాగవచ్చన్న విషయాన్ని రాజ్యాంగంలో రాయవలసిన అవసరం ఏమిటని ఓటరు అడగడం న్యాయమే.

దీనికి మరో పార్శ్వం ఉంది. చట్టాన్ని శాసనసభ తరువాత సడలించవచ్చు, రాజ్యాంగాన్ని ఓటర్లను అడగకుండా మార్చలేదు. నెవాడాలో పౌరుల చొరవతో వచ్చిన చట్టాన్ని శాసనసభ మూడేళ్ల పాటు ముట్టుకోకూడదు. ఆ గడువు తీరాక ముట్టుకోవచ్చు. సరిగ్గా అదే జరిగింది: 2006లో గెలిచిన క్వశ్చన్ 5 ప్రకారం భోజనం వడ్డించే బార్లలో పొగతాగకూడదు, కాని 2011లో శాసనసభ 21 ఏళ్లలోపు వారిని రానివ్వని బార్లకు ఆ ఆంక్షను సడలించింది. ఆరిజోనా ఓటర్లు 1998లోనే ఇటువంటి సడలింపులకు అడ్డుకట్ట వేసుకున్నారు. అక్కడ ఓటర్లు ఆమోదించిన చట్టాన్ని సవరించాలంటే శాసనసభలో నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి, పైగా ఆ సవరణ చట్టం ఉద్దేశాన్ని ముందుకు తీసుకుపోయేదిగా ఉండాలి. అందువల్ల ఒకే రకమైన చట్టం నెవాడాలో కంటే ఆరిజోనాలో ఎక్కువ కాలం నిలబడగలదు.

మీ ఊరి చట్టం బతుకుతుందా

నన్ను అడిగితే, రెండు ప్రతిపాదనలను పోల్చేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించవలసిన వాక్యం ఇదే. సాధారణంగా ముసాయిదా చివరలో, ఎవరికీ ఆసక్తి పుట్టని భాషలో ఉంటుంది.

ఇష్యూ 4 బ్యాలెట్టు పాఠం తాను మినహాయించిన చోట్ల పొగతాగడాన్ని నిషేధించే స్థానిక చట్టాలన్నిటినీ, అప్పటికే అమలులో ఉన్నవాటితో సహా, రద్దు చేస్తుందనీ, ఇకముందు అటువంటివి చేయనివ్వదనీ స్పష్టంగానే చెప్పింది. కొలంబస్ నగరంలో అప్పటికే బార్లు, రెస్టారెంట్లతో సహా పొగ నిషేధం ఉంది. అంటే 'పొగ నిషేధ ప్రతిపాదన' అని అనుకుని ఇష్యూ 4కు ఓటు వేసిన కొలంబస్ పౌరుడు, తన ఊరి బార్లలోకి పొగను తిరిగి రానివ్వడానికి ఓటు వేసినట్లే. ఆరిజోనాలోనూ ఇదే కథ. ఫీనిక్స్ పక్కనున్న టెంపీ నగర ఓటర్లు 2002లోనే బార్లతో సహా పూర్తి నిషేధం తెచ్చుకున్నారు. ప్రాపొజిషన్ 206 నెగ్గి ఉంటే ఆ నిషేధం బార్ల వరకు వీగిపోయేది. 201 మాత్రం నగరాలు తమకు కావలసినంత గట్టిగా చట్టం చేసుకోవచ్చునని వదిలింది. నెవాడాలో అంతకు ముందు స్థానిక ప్రభుత్వాలు రాష్ట్ర చట్టాన్ని మించిన కఠిన నియమాలు పెట్టకుండా ఉన్న అడ్డును క్వశ్చన్ 5 తొలగించింది. ఆ ప్రతిపాదనలో కాసినోలకు ఇచ్చిన మినహాయింపులు చూసి నొసలు చిట్లించినవారు కూడా ఈ ఒక్క కారణంతో దానికి ఓటు వేయవచ్చు.

ఈ ఎత్తుగడ 2006లో పుట్టినది కాదు. 1994లో కాలిఫోర్నియాలో ఫిలిప్ మోరిస్ కంపెనీ అండతో ప్రాపొజిషన్ 188 వచ్చింది. అప్పటికి ఆ రాష్ట్రంలో చాలా నగరాలు, కౌంటీలు కఠినమైన నియమాలు చేసుకున్నాయి, శాసనసభ పని ప్రదేశాలన్నిటికీ వర్తించే చట్టాన్ని ఆమోదించింది. వాటన్నిటి స్థానంలో రాష్ట్రమంతటా ఒకే నియమం అన్న ఆకర్షణీయమైన మాటతో 188 ముందుకొచ్చింది. ఆ ఒకే నియమం ఉన్నవాటికంటే బలహీనమైనది. ఓటర్లలో దాదాపు 70 శాతం మంది దానిని తిరస్కరించారు. శాసనసభ చేసిన చట్టం 1995 జనవరి 1 నుంచి రెస్టారెంట్లకు, 1998 జనవరి 1 నుంచి బార్లకు వర్తించింది.

రాష్ట్రమంతటా ఒకే నియమం ఉండటంలో తప్పేమీ లేదు. ఒక ఊళ్లో నిషేధం ఉండి, మైలు దూరంలోని పక్క ఊళ్లో లేకపోతే వ్యాపారం అటు తరలిపోతుందన్న రెస్టారెంటు యజమానుల బాధ నిజమైనదే. చూడవలసినది ఆ ఒకే నియమం కనీస హద్దా, గరిష్ఠ హద్దా అన్నది. "ఇంతకు తక్కువ చేయకూడదు" అనే రాష్ట్ర చట్టం ఊళ్లకు నేల వేస్తుంది. "ఇంతకు మించి చేయకూడదు" అనేది వాటి చేతులు కట్టేస్తుంది.

మినహాయింపుల జాబితా

ఇష్యూ 4 మినహాయించినవి: బార్లలో చాలా భాగం, రెస్టారెంట్లలోనైతే విడిగా ఏర్పాటుచేసిన పొగ విభాగాలు, బింగో కేంద్రాలు, బౌలింగు కేంద్రాలు, గుర్రప్పందేల మైదానాలు, హోటళ్లలోనూ వృద్ధాశ్రమాలలోనూ వేరుచేసిన భాగాలు, పొగాకు దుకాణాలు, ఇళ్లు. ఇష్యూ 5 మినహాయించినవి: ఇళ్లు, హోటళ్లలో 20 శాతానికి మించని గదులు, వృద్ధాశ్రమాలలో కేటాయించిన చోటు, పొగాకు దుకాణాలు, ఆరుబయట వసారాలు, యజమాని బంధువులు మాత్రమే పనిచేస్తూ బయటివారిని రానివ్వని కుటుంబ వ్యాపారాలు, ఉద్యోగులు లేని ప్రైవేటు క్లబ్బులు.

రెండు జాబితాలూ పొడవైనవే. లెక్కపెట్టి చూస్తే సంఖ్యలో పెద్ద తేడా లేదని కూడా అనిపిస్తుంది. అయితే ఒక్కొక్క మినహాయింపు దగ్గర ఆగి, అక్కడ జీతం కోసం పనిచేసే మనిషి పొగ పీల్చవలసి వస్తుందా అని అడగండి. రెండవ జాబితాలో ఆ మనిషి అక్కడక్కడ మాత్రమే కనిపిస్తాడు; హోటలు గది శుభ్రం చేసే ఉద్యోగి, పొగాకు దుకాణంలో గుమస్తా వంటివారు. మొదటి జాబితాలో అతడు దాదాపు ప్రతి వరుసలోనూ ఉన్నాడు. బారులో గ్లాసులు అందించేవారు, రెస్టారెంటు పొగ విభాగంలో వడ్డించేవారు, బౌలింగు కేంద్రంలో బూట్లు అద్దెకిచ్చేవారు రోజుకు ఎనిమిది గంటలు అక్కడే ఉంటారు. వాళ్లలో తెలుగువారు కూడా ఉండవచ్చు కనుక ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు.

విడి గది ఉంటే సరిపోదా అన్నది చాలామంది నిజాయతీగానే అడిగే ప్రశ్న. దానికి సమాధానం ఆ ఎన్నికకు కొద్ది నెలల ముందే వచ్చింది. 2006 జూన్‌లో అమెరికా సర్జన్ జనరల్, అంటే ప్రజారోగ్య విషయాలలో ప్రభుత్వపు ప్రధాన వైద్యాధికారి, రిచర్డ్ కార్మోనా విడుదల చేసిన నివేదిక, ఇతరులు వదిలిన పొగ పీల్చడంలో హాని లేని పరిమాణం అంటూ ఏదీ లేదనీ, విడి విభాగాలు, గాలి మార్పిడి యంత్రాలు ఆ హానిని పూర్తిగా తొలగించలేవనీ తేల్చింది. ఇంట్లోగాని పనిచోటగాని ఇతరుల పొగ పీల్చే మనిషికి గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం వరకు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం వరకు పెరుగుతుందని ఆ నివేదిక చెప్పింది. ఆ తరువాత కూడా విడి గది, గాలి మార్పిడి అనే రాజీమార్గాన్ని అందించే ప్రతిపాదనను ఆరోగ్య చట్టమని పిలవడం కష్టం.

మన దేశపు చట్టం ఈ విషయంలో ఇష్యూ 4కు దగ్గరగా ఉందన్నది కొంచెం ఇబ్బంది కలిగించే సంగతి. 2008 అక్టోబరు 2న అమలులోకి వచ్చిన కోట్పా నియమాలు బహిరంగ ప్రదేశాలలో పొగను నిషేధించాయి. కాని 30 గదులకు తక్కువ కాని హోటళ్లలో, 30 మందికి తక్కువ కాకుండా కూర్చునే రెస్టారెంట్లలో, విమానాశ్రయాలలో పొగ కోసం విడి చోటు పెట్టుకోవచ్చునని ఆ చట్టంలోనే ఉంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఆ విడి చోట్లను చూసినవారికి, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ పొగ ఎటు వస్తుందో చెప్పనక్కర లేదు.

నెవాడా సంగతి మరోలా ఉంటుంది. అక్కడ గెలిచిన గట్టి ప్రతిపాదన కూడా కాసినోలలోని జూద ప్రాంగణాలను, భోజనం పెట్టని బార్లను వదిలేసింది. నిషేధించినవి రెస్టారెంట్లు, కిరాణా దుకాణాలు, మాల్‌లు, పాఠశాలలు, పిల్లల సంరక్షణ కేంద్రాలు. లాస్ వేగస్‌లో కాసినోల మీద చేయి వేస్తే ప్రతిపాదన గెలిచేదో లేదో. దాదాపు 54 శాతం ఓట్లతో నెగ్గిన దానిలో ఆ మినహాయింపు లేకపోతే ఏమై ఉండేదో ఊహించవచ్చు. ఒహాయోలో ఇటువంటి రాజీ అవసరపడలేదు. 2009లో ఆ రాష్ట్ర ఓటర్లు కాసినోలకు అనుమతి ఇచ్చారు; ఆ తరువాత తెరిచిన కాసినోలకు అప్పటికే ఉన్న పొగ నిషేధం వర్తించింది, పొగతాగేవారు ఆరుబయట వసారాలకు వెళ్లవలసిందే. గెలవడానికి ఎంత వదులుకోవాలన్నది ప్రతి రాష్ట్రానికీ వేరుగా ఉంటుంది. కనుక కొన్ని మినహాయింపులు ఉన్నంత మాత్రాన ప్రతిపాదనను తోసిపుచ్చకూడదు, వాటిని తరువాత నగరాలు పూడ్చుకునే వీలుందో లేదో చూడాలి.

మినహాయింపుల విషయంలో గట్టి ప్రతిపాదనకు కూడా కొన్ని లోపాలు అంటగట్టక తప్పదు. ఒహాయోలో మాజీ సైనికుల క్లబ్బులు తమకు మినహాయింపు దక్కుతుందని నమ్మాయి. కాని వాటిలో బారులో పనిచేసే ఒక్క ఉద్యోగి ఉన్నా మినహాయింపు పోతుంది. ఆరోగ్య శాఖ నిబంధనల ద్వారా వారికి సడలింపు ఇవ్వబోతే 2007లో కోర్టు ఒప్పుకోలేదు. ఓటర్లు ఆమోదించిన వాక్యాలను అధికారులు మార్చలేరు. ఆరిజోనాలోని గట్టి ప్రతిపాదన 201 మాజీ సైనికుల క్లబ్బులకు సూటిగా మినహాయింపు ఇచ్చింది, హోటల్ గదులకు కూడా 50 శాతం వరకు వదిలింది. ఆరోగ్య దృష్టితో చూస్తే ఒహాయో పాఠం మెరుగు, స్పష్టత దృష్టితో చూస్తే ఆరిజోనా పాఠం మెరుగు.

అమలు ఎవరి పని, జరిమానా ఎవరికి

అమలు గురించి రాయని నిషేధం గోడమీద అంటించిన కాగితంతో ఆగిపోతుంది. ఇక్కడ మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఫిర్యాదు ఎవరికి చేయాలి, ఎవరికి శిక్ష, ఆ పనికి డబ్బు ఎక్కడిది.

ఒహాయో చట్టం 2006 డిసెంబరు 7న అమలులోకి వచ్చినా, నియమాలు తయారై జరిమానాలు మొదలయ్యేసరికి 2007 మే 3 అయింది. ఫిర్యాదు చేయడానికి ఉచిత ఫోను నంబరు ఉంది; ఆ నంబరుతో సహా బోర్డులు పెట్టడం, బూడిద గిన్నెలు తీసేయడం యజమాని బాధ్యత. మొదటి తప్పుకు హెచ్చరిక లేఖ, రెండవదానికి 100 డాలర్లు, మూడవదానికి 500, నాలుగవదానికి 1,000, ఆపైన 2,500. పొగతాగిన మనిషికి కూడా 100 డాలర్ల వరకు వేయవచ్చు, కాని భారం ప్రధానంగా యజమానిదే. కొలంబస్‌లోని ఒక బారు యాజమాన్యం ఇది అన్యాయమని రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2012లో కోర్టు చట్టాన్ని సమర్థించింది. యజమానుల ఫిర్యాదులో కొంత నిజం లేకపోలేదు. అయితే గదిని అదుపులో పెట్టగలిగినవాడు యజమానే గాని, పది నిమిషాలు ఉండి వెళ్లిపోయే గ్రాహకుడు కాదు. భారతదేశంలో ఒక్కొక్క పొగరాయుడిని పట్టుకుని 200 రూపాయల వరకు జరిమానా వేసే పద్ధతి ఎంతవరకు నడుస్తోందో మన బస్ స్టాండ్లను చూస్తే తెలుస్తుంది.

ఆరిజోనా ప్రాపొజిషన్ 201 ఈ విషయంలో ఒక తెలివైన పని చేసింది: అమలు ఖర్చు కోసం సిగరెట్టు పెట్టెకు 2 సెంట్ల పన్ను విధించింది. కొత్త పన్ను అన్న మాట చాలామందిని బెదరగొడుతుంది, ప్రత్యర్థులు దానిని వాడుకుంటారు. కాని డబ్బు లేకుండా తనిఖీ ఎలా జరుగుతుందో చెప్పని ప్రతిపాదన కంటే ఇది నిజాయతీ గలది. నెవాడాలో జరిగినది ఇంకొక హెచ్చరిక: 2009లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, క్వశ్చన్ 5లోని పాఠం క్రిమినల్ శిక్షకు తగినంత స్పష్టంగా లేదని చెప్పి, సివిల్ చర్యలను మాత్రమే నిలబెట్టింది. ముసాయిదా చదివేటప్పుడు 'పొగతాగనివ్వడం' అంటే ఏమిటో, యజమాని ఏం చేస్తే తన బాధ్యత తీరినట్లో రాశారా అని వెతకండి.

తలుపు ముందు దూరం సంగతి తొందరగా చెప్పుకోవచ్చు. వాషింగ్టన్ ఓటర్లు 2005లో 63 శాతంతో ఆమోదించిన ఇనీషియేటివ్ 901 తలుపులు, తెరిచే కిటికీలు, గాలి లోపలికి తీసుకునే చోట్ల నుంచి 25 అడుగులు నిర్ణయించింది. అడుగుల లెక్క రాయని చట్టం ఉన్నచోట పొగ గుంపులు తలుపు పక్కకే చేరుతాయి. ఇరుకు వీధులున్న ఊరి మధ్యలో 25 అడుగులు పాటించడం కష్టమే అయినా, ఏ దూరమూ లేకపోవడం కంటే మేలు.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఇతరులు వదిలిన పొగ తప్ప మరే విషయమూ మీకు ముఖ్యం కాకపోతే ఎంపిక సులభం: నగరాల అధికారాన్ని కాపాడే, పని ప్రదేశాలను మినహాయించని ప్రతిపాదనకు 'అవును', దానికి పోటీగా వచ్చినదానికి 'కాదు'. రెండవ సగాన్ని మరచిపోవద్దు.

రెస్టారెంటో, బారో నడిపేవారికి విడి గది మార్గం మొదట ఊరటగా కనిపిస్తుంది. కాని ఆ మార్గంలో గోడ కట్టగలిగినవాడు, గాలి యంత్రం కొనగలిగినవాడు పెద్ద హోటలు యజమాని. ఇరవై కుర్చీలతో ఇడ్లీ, దోసె అమ్ముకునే చిన్న రెస్టారెంటుకు ఆ స్థోమత ఉండదు. పూర్తి నిషేధంలో చిన్నవాడికీ పెద్దవాడికీ ఒకే నియమం. రాబడి పడిపోతుందన్న భయం సహజమే గాని, పొగ నిషేధాల వల్ల రెస్టారెంట్ల, బార్ల వ్యాపారానికి మొత్తం మీద నష్టం జరగలేదని పరిశోధనలను సమీక్షించిన పైన చెప్పిన 2006 నివేదిక తేల్చింది. 'మొత్తం మీద' అన్న మాటను గుర్తుంచుకోవాలి; పొగతాగేవారి మీదే ఆధారపడిన ఒక్కొక్క బింగో కేంద్రానికి, పల్లె బారుకు దెబ్బ తగిలి ఉండవచ్చు, ఆ దెబ్బను తేలికచేయడం న్యాయం కాదు.

పొగతాగేవారు గట్టి ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఓటు వేయాలనేమీ లేదు. ఇంట్లోనూ ఆరుబయట వసారాలోనూ తాగే హక్కును ఒహాయో చట్టం ముట్టుకోలేదు. అలాగే, ప్రభుత్వం ప్రైవేటు ఆస్తి విషయంలో తలదూర్చకూడదని సిద్ధాంతరీత్యా నమ్మేవారికి నా సలహా రెండింటికీ 'కాదు' అనడం. అది గౌరవించదగిన ఓటు, దానిని వేసినవారు ఒహాయోలో ఉన్నారు కూడా. ఇష్యూ 4ను సుమారు 64 శాతం తిరస్కరించగా ఇష్యూ 5కు అనుకూలంగా వచ్చినది 58 శాతానికి పైచిలుకు. ఆ తేడాలో రెండింటినీ వద్దన్నవారున్నారు. అటువంటివారు ఇష్యూ 4ను రాజీమార్గమని ఆమోదిస్తే, ఊరి చట్టాలను రాజధాని నుంచి రద్దుచేసే అధికారాన్ని రాజ్యాంగంలో రాసినట్లవుతుంది. అది వారి సిద్ధాంతానికే విరుద్ధం.

'అవును' అంటే ఏమిటి

గుర్తు పెట్టే ముందు ఇంకొక్కసారి చూడవలసినది, 'అవును' ఓటు ఏం చేస్తుందన్నది. సౌత్ డకోటా శాసనసభ 2009లో బార్లు, రెస్టారెంట్లు, కాసినోలలో పొగను నిషేధిస్తూ చట్టం చేస్తే, వ్యతిరేకులు సంతకాలు సేకరించి దానిని 2010లో ఓటుకు తెచ్చారు. పిటిషను పెట్టినవారు నిషేధానికి వ్యతిరేకులైనా, బ్యాలెట్టు మీద 'అవును' అంటే నిషేధం ఉండాలని, 'కాదు' అంటే రద్దు కావాలని అర్థం. 64 శాతం 'అవును' అన్నారు, ఆ నవంబరులోనే చట్టం అమలైంది. తాను సంతకం చేసిన పిటిషనుకే మద్దతు ఇస్తున్నానని అనుకుని 'అవును' అన్న ఓటరు తన కోరికకు వ్యతిరేకంగా ఓటు వేసి ఉంటాడు.

2018లో ఫ్లోరిడా ఓటర్లకు మరో రకం ఇబ్బంది వచ్చింది. ఇండోర్ పని ప్రదేశాలలో ఈ-సిగరెట్లను నిషేధించే అంశాన్ని, సముద్రతీరంలో చమురు తవ్వకాలను నిషేధించే అంశంతో కలిపి ఒకే సవరణగా, అమెండ్‌మెంట్ 9 పేరుతో, ఆ రాష్ట్ర రాజ్యాంగ సమీక్ష సంఘం బ్యాలెట్టు మీద పెట్టింది. అది నెగ్గింది. ఒకటి కావాలి, రెండవది వద్దు అనేవారికి అక్కడ ఓటు వేసే గడి లేదు. అటువంటప్పుడు రెండింటిలో తనకు ఏది ఎక్కువ ముఖ్యమో తేల్చుకుని దానిని బట్టే గుర్తు పెట్టాలి. ఇప్పుడు వచ్చే ఏ పొగ ప్రతిపాదనలోనైనా 'పొగతాగడం' అన్న నిర్వచనంలో ఈ-సిగరెట్టు, హుక్కా, గంజాయి ఉన్నాయో లేదో చూడండి. 2006 నాటి ముసాయిదాలు రాసిన రోజుల్లో ఈ ప్రశ్న ఇంత పెద్దదై ఉండలేదు, ఈనాటి ఓటరుకు అది మొదటి పేజీలోనే వెతకవలసిన వాక్యం.